శాసనసభలో బాటయు పంచాయతియు
(నీలం సంజీవరెడ్డిగారి ప్రజాజీవితమునుండి)

అనంతపురమునుండి కదిరికి పోవు బాటయు, ధర్మవరమునుండి తాడిమఱ్ఱివైపు పోవు బాటయు బత్తలపల్లియొద్ద కలిసికొనును. వేరుశనగ బస్తాల బండ్లు, ధర్మవరపు పట్టుచీరల మూటలు, కదిరి నరసింహస్వామి తేరునకు పోవు యాత్రికులు ఈ కూడలిగుండనే సాగిరి. నే డది 42వ జాతీయ రహదారి. అనంతపురము విడిచి కదిరి, మదనపల్లె, కుప్పములమీదుగా కృష్ణగిరి వఱకు పోవుచున్నది. బాటమీద నిలిచిన ఊరివారికి బాటను గూర్చిన ప్రశ్నలు సహజముగనే పుట్టును. ఇది ఎవరి సొమ్ముతో వేసిరి? దీనిమీద బండి నడుపుట కెవరికి హక్కు? ఈ రెంటిని నిర్ణయింపవలసినవా రెవరు? మూడవ ప్రశ్నయే కఠినమైనది. దానికి శాసనసభలో సమాధానము చెప్పి పేరొందినవారును, ఆ ప్రశ్నకే తలయొగ్గి పదవి వదలుకొన్నవారును ఒక్కరే. ఆయన మన అనంతపురము జిల్లావారు, ఇల్లూరు గ్రామమున జన్మించిన నీలం సంజీవరెడ్డిగారు.

వారి కథకు ముందు సెస్సు కథ కొంత తెలియవలెను. మద్రాసు ప్రభుత్వము 1866లో బాటల కొఱకే ఒక సెస్సు చట్టము చేసెను. 1871లో వచ్చిన లోకల్ ఫండు చట్టము బాటలతోపాటు బడులను, ఆస్పత్రులను చేర్చినది. రైతు చెల్లించు శిస్తుమీద ఈ సెస్సు ఒక పైపట్టుగా కూర్చుండెను. కరణము జమాబందికి లెక్క కట్టునపుడు శిస్తొక గడిలో, సెస్సొక గడిలో వ్రాసెడివాడు. మునసబు రెంటిని కలిపి వసూలు చేసెడివాడు. సొమ్ము గ్రామమునుండి పోవుట లెక్కలలో స్పష్టముగ కనబడును. అది ఏ బాటమీద వ్యయమైనదో గ్రామమునకు తెలియు మార్గము లేకుండెను. ధాత కరువున, అనగా 1876-78 సంవత్సరములలో, మన సీమ యింకను బళ్ళారి జిల్లాలోని భాగము. కూటికి లేని జనము కరువు పనులలో కంకర కొట్టి బాటలు వేసినది. ఆ విధముగ చూచిన, ఈ బాటలకు మూల్యము సెస్సు రూపముననే గాక చెమట రూపమునను చెల్లినది.

1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా అయ్యెను. ఆ సంవత్సరమే రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తన తీర్మానమును ప్రకటించెను. దాని ఫలముగ 1884లో మద్రాసు రాజధానియందు జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చెను. 1920 నాటి చట్టముతో వానికి కొంత బలము చేకూరెను. తాలూకా బోర్డులు 1934లో పోయినవి, జిల్లా బోర్డులు మాత్రము నిలిచినవి. బోర్డుల ప్రధాన కార్యము బాటలే. బాటలమీద సుంకపు గేట్లు పెట్టి బండికింతయని వసూలు చేయుట వానికి ముఖ్యమైన రాబడి. 1931లో మోటారు వాహనముల పన్ను చట్టము వచ్చి ఈ గేట్లను ఎత్తివేసి, బోర్డులకు మోటారు పన్నునుండి పరిహార మిచ్చునట్లు ఏర్పాటు చేసెను. (సుంకపు గేటు మరల జాతీయ రహదారులమీద వెలసినది. మన తాతలు చూచిన దానినే మన మనుమలును చూచుచున్నారు; కఱ్ఱ అడ్డుకు బదులు యంత్ర మొకటి వచ్చినది.)

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. ఆనాడు బాటయు స్థానిక పాలనయు వేర్వేరు విషయములు కావు, ఒకే పుస్తకములోని రెండు పుటలు. శాసనసభ్యుడు ఒకదానిని గూర్చి మాటలాడిన రెండవదియు వెంట వచ్చెడిది. గుత్తి కేశవపిళ్ళైగారు 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభకు వెళ్ళినవారిలో ఒకరు, మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షులైనవారు. మన జిల్లా రైతుల కష్టములను శాసనమండలికి ఎక్కించిన మార్గదర్శకులు వారు. సంజీవరెడ్డిగారు నడచినది ఆ దారినే, కాని వారి కాలమునకు అధికారము మనవారి చేతికి వచ్చియుండెను. అర్జీ పెట్టుకొనువాని కష్టమొకటి, అర్జీ విచారింపవలసినవాని కష్టము వేఱొకటి.

సంజీవరెడ్డిగారు 1913 మే 19న జన్మించిరి. గాంధీ మహాత్ముడు 1929లో అనంతపురము వచ్చిన తరువాత వారి మనస్సు చదువునుండి ఉద్యమమునకు మరలెను. 1938నుండి ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శిగా పనిచేసిరి, జైలు జీవితము గడపిరి. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజ్యాంగ సభలోను సభ్యులైరి. హిందూపురము ప్రాంతపు కల్లూరు సుబ్బారావుగారును ఆ సభలో కూర్చున్నవారే. ఆ సభలో 1948 నవంబరులో గ్రామమును గూర్చి పెద్ద వాదము నడచెను. గ్రామము అజ్ఞానమునకును సంకుచితత్వమునకును నిలయమని అంబేద్కరుగారు నవంబరు 4న నిర్మొహమాటముగ పలికిరి. అదే నెల 22వ తేదీన సంతానముగారి సవరణ వచ్చినపుడు టంగుటూరి ప్రకాశము పంతులుగారు దానిని సమర్థించిరి. తుదకు గ్రామ పంచాయతీలను ఏర్పరచి, స్వపరిపాలనకు తగిన అధికారము లిచ్చుటకు రాజ్యము పూనుకొనవలెనని 40వ అధికరణము చేరినది. అది కోర్టుకు పోయి సాధించుకొనదగిన హక్కు కాదు, ప్రభుత్వమునకు ఒక బాధ్యత మాత్రమే. అంబేద్కరుగారి మాట కులపు కాటు తిన్న అనుభవమునుండి వచ్చినది. దానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. పంచాయతి సభలో ఎవరు మంచముమీద, ఎవరు నేలమీద కూర్చుండిరో ఎఱిగినవారు ఆయన మాట వినక తప్పదు.

మద్రాసు మంత్రివర్గములో 1949నుండి 1951 వఱకు మద్యనిషేధము, గృహనిర్మాణము, అడవులు సంజీవరెడ్డిగారి శాఖలు. తరువాతి సార్వత్రిక ఎన్నికలలో అనంతపురమున వారు ఓడిరి. ఓడించినవారు వారి బావమఱది తరిమెల నాగిరెడ్డిగారే. బంధుత్వ మొకవైపు, సిద్ధాంత మొకవైపు నిలిచిన ఆ పోటీని జిల్లాలో చిరకాలము చెప్పుకొనిరి. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు ఉపముఖ్యమంత్రియై, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రి యైరి.

ఇక పంచాయతీ రాజ్యము. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957 నవంబరులో తన నివేదిక నిచ్చెను. అభివృద్ధి పనులు అధికారుల చేతిలో నున్నంతవఱకు ప్రజలు వానిని తమవని తలపరనియు, గ్రామము, బ్లాకు, జిల్లా అను మూడు మెట్లలో ప్రజాప్రతినిధులకు ఆ పనులు అప్పగింపవలెననియు దాని సారము. దేశమున అనేక రాష్ట్రములు దానిని చదివి బీరువాలో పెట్టినవి. ఆంధ్రప్రదేశము 1958లోనే జిల్లా కొక బ్లాకు చొప్పున తాత్కాలిక సమితులను నెలకొల్పి పరీక్షించి చూచినది. 1959లో పంచాయతి సమితులు, జిల్లా పరిషత్తుల చట్టమును శాసనసభ చేసినది. రాజస్థానములోని నాగౌరునందు అక్టోబరు 2న దీపము వెలిగించిన నెహ్రూగారు, అక్టోబరు 11న మన షాద్‌నగరమునకు వచ్చి ప్రారంభోత్సవము చేసిరి. నవంబరు 1నుండి చట్టము అమలులోనికి వచ్చెను.

ఈ చట్టము జిల్లా బోర్డును తీసివేసి, దాని స్థానమున జిల్లా పరిషత్తును నిలిపినది. పంచాయతి అధ్యక్షులే సమితిలో సభ్యులు, సమితి అధ్యక్షులే పరిషత్తులో సభ్యులు. స్త్రీలకును హరిజన గిరిజనులకును చోటు కల్పించిరి. ప్రాథమిక పాఠశాలలు సమితుల క్రిందికి, ఉన్నత పాఠశాలలు పరిషత్తుల క్రిందికి పోయెను. నేటికిని పల్లెబడి గోడమీద "జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల" యని వ్రాసియుండుటకు మూలము ఆ చట్టమే. ఊరి బావి, ఊరి బడి, ఊరి బాట అను మూడింటిని గూర్చి ఊరివారు ఓట్లు వేసి ఎన్నుకొన్న మనిషిని నిలదీసి అడుగుట మన సీమలో నాటినుండియే మొదలు.

అయినను చట్టములో ఒక ముడి యుండెను. పరిషత్తులోని స్థాయీసంఘములకు కలెక్టరే అధ్యక్షుడు. బిడ్డకు నడక నేర్పువాడు వ్రేలు పట్టుకొనుట తప్పు కాదు. ఆ వ్రేలు ఎప్పుడు విడువవలెనో చట్టములో వ్రాయకపోవుటయే లోపము. భారతమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, జనపదములలో ప్రాజ్ఞులు ఐదుగు రైదుగురు కూడి ప్రజల క్షేమము చూచుచున్నారా యని ప్రశ్నించును. ఆ ఐదుగురినెత్తిన మఱొక అధికారిని కూర్చుండబెట్టితివా యని అడుగలేదు. సంజీవరెడ్డిగారి మంత్రివర్గము ఆ మేరకు సందేహించినదని చెప్పవలెను. అయినను నాటి రాష్ట్రములలో అంతమాత్రము చేసినవారును అరుదు. గ్రంథాలయ చందాదారులకు సంబంధించిన మాట యొకటి ఇచట చేర్చదగును: దామోదరం సంజీవయ్యగారు ముఖ్యమంత్రిగా నున్న 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపు భారము పంచాయతీలమీద పడినది. పంచాయతి నిలువకున్న గ్రంథాలయమును నిలువదు.

బస్సుల కథ దీనికి సమకాలికము. తెలంగాణమున నిజాము ప్రభుత్వము 1932లోనే రైల్వే శాఖ క్రింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రజా రవాణాను ప్రారంభించెను. ఆంధ్ర ప్రాంతమున, అందు రాయలసీమలో, బస్సులన్నియు ప్రైవేటు యజమానులవే. యుద్ధకాలమున పెట్రోలు దొరకక బొగ్గు పొయ్యిని బస్సు వెనుక తగిలించి నడపిన యజమానులు వీరే. నిండిన పిదప మరి పదిమందిని పైకెక్కించినవారును వీరే. వీరు ఊరికి మేలు చేయలేదనుట కృతఘ్నత. ప్రజలను పీడింపలేదనుట అసత్యము. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. ఆంధ్ర ప్రాంతపు మార్గములను క్రమముగ జాతీయము చేయవలెనని ప్రభుత్వ సంకల్పము.

అట్లు చేయుటకు 1939 నాటి మోటారు వాహనముల చట్టములో 1956లో చేర్చిన నాలుగు-ఏ అధ్యాయము ఒక పద్ధతిని విధించినది. ఫలానా మార్గమును తానే నడుపుట ప్రజాహితమని ముందు రవాణా సంస్థ అభిప్రాయపడవలెను. అది ప్రణాళికను ప్రకటింపవలెను. నష్టపడు బస్సు యజమానులు ముప్పది దినములలో అభ్యంతరములు చెప్పుకొనవచ్చును. ప్రభుత్వము వారిని విచారించి ప్రణాళికను ఆమోదింపవచ్చును, మార్పవచ్చును. చెప్పుట కింతే, చేయుట యందే చిక్కు. సంస్థ ప్రభుత్వము స్థాపించినదే. విచారణ చేయు న్యాయాధిపతియు ప్రభుత్వమే. తన ఎద్దు చేను మేసిన తగవును తానే తీర్చవలసిన పెద్దమనిషి స్థితి అది.

మొదట కృష్ణా జిల్లా మార్గముల ప్రణాళికలు వచ్చెను. అభ్యంతరములను ప్రభుత్వ కార్యదర్శి వినెను. రవాణా శాఖను తమయొద్ద నుంచుకొన్న ముఖ్యమంత్రి ఆ కాగితములు చూచి ఆమోదించిరి. గుల్లపల్లి నాగేశ్వరరావు మొదలగు యజమానులు సుప్రీంకోర్టు కెక్కిరి. 1958 నవంబరులో అధికసంఖ్యాక న్యాయమూర్తుల తీర్పును కోకా సుబ్బారావుగారు వ్రాసిరి. వినినవా డొకడు, తీర్పు చెప్పినవాడు మఱొకడు అయినచో విచారణ వట్టి తంతు అగునని ఆ ఆమోదమును కొట్టివేసిరి. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా నుండిన తెలుగువాడే తెలుగు ముఖ్యమంత్రి ఆజ్ఞను త్రోసివేయుట నాడు పలువురి నోట నానిన విషయము. సంజీవరెడ్డిగారు అలుగలేదు. రెండవసారి తామే కూర్చుండి యజమానుల న్యాయవాదుల మాటలను స్వయముగ విని పిదప ఆమోదించిరి. యజమానులు మరల కోర్టు కెక్కిరి. ముఖ్యమంత్రి ముందే ఒక నిశ్చయమునకు వచ్చి విచారణ చేసెనని ఆరోపించిరి. 1959లో అదే సుబ్బారావుగారు ఆ ఆరోపణను అంగీకరింపక ప్రణాళికలను నిలిపిరి. చట్టము వంకలేని పద్ధతి కోరినది, ముఖ్యమంత్రి ఆ పద్ధతిని నేర్చుకొనిరి. ఇది వారి ప్రజాజీవితమున మెచ్చదగిన ఘట్టము, కాని దీనిని చెప్పుకొనువారు తక్కువ.

చెప్పుకొనునది కర్నూలు కథ. 1960నుండి 1962 వఱకు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులుగా నుండి సంజీవరెడ్డిగారు 1962లో కర్నూలు జిల్లాలోని డోన్ నుండి శాసనసభకు వచ్చి రెండవసారి ముఖ్యమంత్రి యైరి. అంతకు ముందనుకొన్న వరుస తప్పించి, కర్నూలు జిల్లా మార్గములను రవాణా సంస్థ ముందుకు తెచ్చెను. ఆ మార్గముల యజమానులు రాజకీయమున ముఖ్యమంత్రికి ఎదురు పక్షమువారనియు, వారి నడుము విఱుచుటకే వరుస మారినదనియు, సంస్థ తన అభిప్రాయముతో గాక ముఖ్యమంత్రి ఆదేశముతో నడచెననియు రౌజీ మొదలగు యజమానులు సుప్రీంకోర్టులో వాదించిరి.

1964లో రాజగోపాల అయ్యంగారు తీర్పు వ్రాసిరి. కోర్టు చూచినది ముఖ్యముగ రెండు విషయములు. సంస్థ వరుసను ఎందుకు మార్చినదో నమ్మదగిన కారణము చూపలేకపోయెను. ముఖ్యమంత్రిమీద వ్యక్తిగతముగ ఇంత తీవ్రమైన ఆరోపణ వచ్చినపుడు దానిని కాదని చెప్పగలవాడు ఆయన ఒక్కడే. ఆయనయొద్దనుండి ప్రమాణపత్రము రాలేదు. పిలిచి అడిగినపుడు పలుకనివాడు ఒప్పుకొన్నట్లేయని పల్లె పంచాయతిలోను అందురు. కోర్టు ప్రణాళికలను కొట్టివేసెను. సంజీవరెడ్డిగారు ఆ ఫిబ్రవరిలో రాజీనామా చేసిరి. కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రి యైరి.

ఈ ఘట్టమును గూర్చి రెండు విధముల తీర్పులు వినబడును. తీర్పులోని మాట తనమీద పడగనే పదవి వదలిన ఆత్మాభిమానమును కొందఱు పొగడుదురు. పగతో బస్సులు లాగుకొనెనని కొందఱు నిందింతురు. రెంటిలోను కొంత నిజము కలదు గాని, విషయపు మూలము వేఱొకచోట నున్నది. 1959లో సంజీవరెడ్డిగారి ప్రభుత్వము సమితికి, పరిషత్తుకు అధికారము పంచి, ఊరివారి నిర్ణయము ఊరివారిదే యన్నది. రవాణా సంస్థయు చట్టము సృష్టించిన ప్రత్యేక వ్యక్తియే. దానికిని స్వంతముగ ఆలోచించు హక్కు కలదు. ఆ హక్కును నిలుపుటయందు ప్రభుత్వము తడబడినది. పంచాయతికి ఇచ్చిన గౌరవమును బస్సు సంస్థకు ఈయలేకపోయిరి. చేతిలోనున్న అధికారమును పంచుట ఒక విద్య. పంచిన పిదప చేయి వెనుకకు తీసికొనుట అంతకంటె కష్టమైన విద్య. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతికి అంతటి విస్తారము కల్పించినది, రాజ్యము చేయువారికి ఇట్టివి తోచవనియే కాబోలు.

పదవి పోయినను మార్గములు వారిని విడువలేదు. 1966 జనవరి 24న ఇందిరాగాంధీగారి మంత్రివర్గములో రవాణా, విమానయానము, నౌకాయానము, పర్యాటకము వారి శాఖ లయ్యెను. ప్రమాణ స్వీకారము జరిగిన దినమే ఎయిరిండియా విమానము ఆల్ప్స్ పర్వతములలో మాంట్ బ్లాంకుపై కూలి, అణుశాస్త్రజ్ఞుడు హోమీ భాభాతో సహా 117 మంది మరణించిరి. కర్నూలు బస్సులకు సమాధానము చెప్పలేదనిపించుకొన్నవారికి తొలినాటనే ఆ దుర్వార్త ఎదురయ్యెను. ఆ శాఖలో వారున్నది ఏడాదికి కొంచె మెక్కువ.

1967లో వారు మన హిందూపురమునుండి లోకసభకు ఎన్నికైరి, సభాపతి యైరి. ఆ పీఠ మెక్కిన వెంటనే కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చిరి. విఠల్‌భాయి పటేలు తరువాత అట్లు చేసినవారు లేరు. రాష్ట్రపతి ప్రసంగము జరిగిన దినముననే అవిశ్వాస తీర్మానమును చర్చకు అనుమతించిరి. షెడ్యూల్డు కులముల, తెగల సంక్షేమమునకై పార్లమెంటరీ సంఘ మేర్పడినది వారి కాలముననే. ఒకనాడు తన ఎద్దు తగవును తానే విన్నారని నింద పడినవారు, తీర్పరి పీఠముమీద కూర్చుండునపుడు ముందుగా ఎద్దును తోలివేసిరి. కర్నూలు తీర్పు వారిని ఎంతగా మార్చినదో చెప్పుటకు ఈ ఒక్క పని చాలును.

విచిత్రమేమన, తీర్పు చెప్పిన కోకా సుబ్బారావుగారు 1967లో రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిరి. తీర్పు విన్న సంజీవరెడ్డిగారు 1969లో పోటీచేసి ఓడిరి. సభాపతి పదవిని వదలి పోటీ చేసిన రెడ్డిగారు ఇల్లూరు చేరి వ్యవసాయము చేసికొనిరి. 1977లో నంద్యాలనుండి లోకసభకు, మరల సభాపతి పీఠమునకు, జులై 25న పోటీలేకుండ రాష్ట్రపతి పదవికి వచ్చిరి. 1996 జూన్ 1న బెంగుళూరున మరణించిరి.

వారు నిలిపిన సమితులు 1986 నాటి చట్టముతో మండల ప్రజాపరిషత్తు లయ్యెను. అంతకు ముందే 1984లో కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. 1985లో బత్తలపల్లి మండల కేంద్ర మయ్యెను. జిల్లా పేరును 2022లో మారినది. రవాణా సంస్థ ఉద్యోగులు 2020 జనవరి 1నుండి ప్రభుత్వోద్యోగు లైరి. ఇక ఏ చట్టము క్రింద కర్నూలు ప్రణాళికలు కొట్టివేయబడెనో ఆ 1939 నాటి మోటారు వాహనముల చట్టము పోయి 1988లో క్రొత్తది వచ్చెను. ఫలానా మార్గమును ప్రభుత్వ బస్సులే నడుపుట ప్రజాహితమా యని ముందుగా అభిప్రాయపడవలసినది రవాణా సంస్థ యని పాత చట్టము. క్రొత్త చట్టపు 99వ విభాగములో ఆ చోట "రాష్ట్ర ప్రభుత్వము" అను మాట నిలిచినది. తరువాతి విభాగము ప్రకారము యజమానుల అభ్యంతరములు వినవలసినదియు రాష్ట్ర ప్రభుత్వమే.